గోడ మీది బొగ్గు పిడకలు

పెళ్ళయ్యాక కూడా బడికి పోయినదాన్ని ఆ కాలనీలో నేనొక్కదాన్నే. మాది చొప్పదండి దగ్గర పల్లె. మా ఆయనకు మంచిర్యాల దగ్గరి బొగ్గుబాయిలో పని దొరికి, రెండు గదుల క్వార్టర్ ఇచ్చాక కాపురానికి వచ్చాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్ళయింది. పెళ్ళి కోసం మధ్యలో ఆపేసిన చదువు నాకు గొంతులో ముల్లులా గుచ్చుకుంటుండేది. మెట్రిక్ చదువుతానని అడిగితే మా ఆయన "పో, నేను వద్దంటనా" అన్నాడు, అంతే. పుస్తకాలకు ఆయన ముందు చెయ్యి చాపడం ఇష్టం లేక, బజారులో దర్జీ దగ్గర అంగీలు తెచ్చుకుని కాజాలు కుట్టి ఇచ్చేదాన్ని. పొద్దున్నే బొగ్గుల పొయ్యి వాకిట్లో పెట్టి, పొగ పోయేదాకా కాజాలు కుట్టడం, పొయ్యి లోపలికి తెచ్చాక అన్నం ఉడికేదాకా పాఠాలు చదవడం. రోజు అట్లా గడిచిపోయేది.

ఆ చలికాలం మా అత్తమ్మ కొడుకు దగ్గర ఉందామని ఊరి నుంచి వచ్చింది. మొదటి షిఫ్టు దిగి మా ఆయన మధ్యాహ్నం మూడు దాటాక ఇల్లు చేరేవాడు. కళ్ళూ పళ్ళూ తప్ప మనిషంతా నలుపే. ఆ నలుపు చన్నీళ్ళకు లొంగదు. నేను బడి నుంచి వచ్చి నీళ్ళు కాగబెట్టేదాకా అరుగు మీద అట్లాగే కూర్చుని ఉండేవాడు. అది చూసి అత్తమ్మకు కడుపు మండింది.

"పొద్దంత బొగ్గుల పొర్లి వచ్చినోడు గట్లనే కూసుండాల్నా? వాడు వచ్చే యాల్లకు నీళ్ళు కాగి ఉండాలె. లేకుంటె నీ సదువు గంగల కలువనీ!"

"నువ్వు జర కాగబెట్టరాదా అత్తమ్మా?"

"కోడలున్న ఇంట్ల నేనా? గా రాక్షసి బొగ్గును నేనైతె ముట్ట."

నిజంగానే ముట్టేది కాదు. కట్టెల పొయ్యి దగ్గర పుట్టి పెరిగిన మనిషి. నేలను తవ్వి తీసిన బొగ్గంటే ఆమెకు భయమూ, రోతా.

ఇక నాకు ఆ వేడినీళ్ళ ధ్యాసే. పెద్ద బొగ్గు పెళ్ళలు వేస్తే భగ్గున మండి, నేను బడికి చేరకముందే చల్లారుతాయి. పొద్దున వెలిగించిన పొయ్యి మధ్యాహ్నందాకా నీళ్ళ కాగు కింద నిదానంగా కాలాలి. ఊళ్ళో మా అవ్వ దాలిలో పాలకుండ పెట్టి పిడకలు వేస్తే పొద్దు గూకేదాకా కాలేవి. పిడకకున్న ఓపిక బొగ్గుకు ఎందుకు రాదు? ఆ ఆలోచన రాగానే నవ్వొచ్చింది, తర్వాత నిద్ర పట్టలేదు.

బర్రె ఉన్న పక్కింటావిడ దగ్గర పేడ తెచ్చాను. బొగ్గు పొడి, పేడ, మన్ను కలిపి క్వార్టర్ వెనక గోడకు పిడకలు కొట్టాను. సున్నం వేసిన తెల్లగోడ కాస్తా నల్లమచ్చల కోడిలా తయారైంది. మా ఆయన చూసి, "బాయిల ఉన్న బొగ్గు సాలలేదా? గోడకు గూడ పెట్టినవు!" అన్నాడు.

నల్లరేగడి కలిపితే ఎండగానే పగుళ్ళిచ్చి రాలిపోయాయి. ఎర్రమన్ను ఎక్కువైతే కాలకుండా ఇటుకల్లా గట్టిపడ్డాయి. మన్ను తగ్గిస్తే మంట పెద్దదై నీళ్ళు ఇగిరి కాగు నెర్రెలిచ్చింది. గాలి లేనిదే మంట లేదని సైన్సు పుస్తకంలో చదివి, పొయ్యి అడుగున చువ్వలు ఎడంగా జరిపాను. ఈ పిచ్చిలో ఒక తెల్ల అంగీ మీద నా బొటనవేలి నలుపు పడి, దర్జీతో చీవాట్లు కూడా తిన్నాను. అయినా చెయ్యి ఆగలేదు. రేపు ఏమవుతుందో చూడాలన్న కుతూహలం తిట్ల కన్నా బలంగా ఉండేది.

చివరికి బొగ్గు, పేడ, మన్నుల పాళ్ళు కుదిరాయి. బడి నుంచి పరుగున వచ్చి "ఎట్లున్నయి నీళ్ళు?" అని అడిగితే, స్నానం చేసి అరుగు మీద కూర్చున్న మా ఆయన "మస్తుగున్నయి" అన్నాడు. మర్నాడూ అదే మాట. పైగా నేను వచ్చేసరికే పొయ్యి దులిపి బూడిద పారబోసి పెట్టేవాడు. ఏ మగవాడు చేస్తాడు ఆ పని అని మురిసిపోయాను. అత్తమ్మ కూడా చదువు మాట ఎత్తలేదు. వాడకట్టులో అందరికీ ఆ పాళ్ళు చెప్పి, పక్కన కూర్చుని మరీ చేయించాను.

వారం తిరక్కుండానే పక్కింటావిడ వచ్చి గొడవకు దిగింది. "నీ పిడకలు నట్టనడుమ ఆరిపోతున్నయి పిల్లా. నా పేడంత దండుగైంది!" ఎదురింట్లోనూ అదే కథ. నాకు బుర్ర తిరిగిపోయింది. అదే పేడ, అదే మన్ను, అదే బొగ్గు. మా ఇంట్లో కాలి వాళ్ళింట్లో ఎందుకు ఆరుతోంది? కళ్ళారా చూస్తే తప్ప మనసు నిలవదని, ఒకరోజు టీచరును అడిగి మధ్యాహ్నమే ఇంటికి బయలుదేరాను.

నేను వచ్చేసరికి వెనక దొడ్లో బండ మీద మా ఆయన కూర్చుని వణుకుతున్నాడు. అత్తమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ పీచుతో వీపు తోముతోంది.

"మంచు లెక్కున్నయే అవ్వా," అంటున్నాడు తల్లితో.

"సప్పుడు చెయ్యకు. అది వచ్చే యాల్లయితది. పరీచ్చలు ఒడిసేదాక ఓర్సుకో."

నాకు ముందు వచ్చింది కోపమే. "ఇన్నొద్దులు నాతోని అబద్ధమాడిండ్రా? మీ మాట నమ్మి వాడకట్టంత చెప్పిన! నాకు నిజం ఎట్ల తెలుస్తది?" అని గట్టిగా అరిచాను. మా ఆయన కళ్ళల్లో సబ్బు నురగతో గుడ్లు మిటకరించాడు.

"సల్లగున్నయంటె నువ్వు బడి బందు పెడ్తవని..." అని నసిగాడు.

"బందు పెట్టుమన్నది నువ్వే కదా అత్తమ్మా?"

"అన్న. కోపంల అన్న." ఆమె నా వైపు చూడకుండా పీచు పిండింది. "అన్నమాట మల్ల ఎట్ల తీసుకోను? నువ్వేమొ ఉరికొచ్చి, ఎట్లున్నయి, ఎట్లున్నయి అని గంత ఆశతోని అడుగుతవు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే మన్ను తగ్గించి కొత్త పిడకలు కొట్టాను. ఇకనుంచి నిజమే చెప్పాలని మా ఆయనతో ఒట్టు వేయించుకున్నాను.

అవి ఎండాక, బడి నుంచి వచ్చి మళ్ళీ అడిగాను. ఆయన ఒకసారి తల్లి వైపు చూసి, "సల్లగనే ఉన్నయి" అన్నాడు.

అత్తమ్మ అరుగు మీద నుంచి లేచింది. "అయితేంది? రేపు మంచిగైతయి. నువ్వు కూసోని సదువుకో" అని, కొంగు నడుముకు చెక్కి, బొగ్గు పొడిలో చెయ్యి పెట్టింది.