సగం పండు గురునాథరావుగారు

గురునాథరావుగారు అంజూర పండు ఎవరికీ పూర్తిగా ఇచ్చి ఎరగరు. సగం తాను తిని, సగమే ఇస్తారు. అల్లుడికైనా అంతే, దేవుడికైనా అంతే. సత్యనారాయణ వ్రతానికి నైవేద్యం పెట్టినవి కూడా సగాలేననీ, స్వామి పెద్దమనసుతో ఊరుకున్నాడనీ వాళ్ళావిడ నూకాలమ్మగారు చెప్పేది.

భిలాయిలో రైలు పట్టాలు చేసే మిల్లులో ముప్పై రెండేళ్ళు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసి, రిటైరై వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నారాయన. పెరట్లో ఒకే ఒక్క అంజూర చెట్టు. పండు తెంపడం, జేబులోంచి చాకు తీయడం, పండును అడ్డంగా కోయడం, తొడిమ వైపు సగం నోట్లో వేసుకోవడం. కళ్ళు మూసుకుని నమిలి, మింగి, "పాస్" అనేవారు. అప్పుడు మిగతా సగం మన చేతిలో పడేది.

"టెస్టు పీసు తియ్యకుండా మాలు గేటు దాటకూడదు."

"ఒక్క చెట్టు పళ్ళే కదా బాబాయిగారూ, ఒకటి చూస్తే చాలదా?" అని అడిగింది పక్కవాటాలో అద్దెకున్న భాగ్యరేఖ.

"పట్టాలన్నీ ఒక్క మిల్లువే. ఒకటి చూసీసి మిగతావాటి మీద రైలు తోలీమంటావేటి?"

ఎండాకాలమంతా ఆయన పెదాలు ఎర్రగా వాచి ఉండేవి. "రావుగారి మూతి వాచిందంటే చెట్టు కాపుకొచ్చినట్టే" అనేవాడు కిరాణా కొట్టు మురళీధర్. ఆశ ఎక్కువై వాచిందని వీధంతా తేల్చేసింది.

నూకాలమ్మగారి బాధ వేరు. "హల్వాకి ఇరవై పళ్ళు అడిగితే ఇరవై సగాలిచ్చేరమ్మా. కడాయిలో ఓ మూలకి కూడా రాలేదు."

"పాసైన సరుకే ఇచ్చేను కదే" అనేవారాయన.

అది తొంభై నాలుగు వేసవి. భాగ్యరేఖ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. కూతురు అమ్ముకు మూడేళ్ళు, బరువు పది కిలోలు. నెల రోజుల్లో అరకిలో అయినా పెరగకపోతే పరీక్షలు రాస్తానన్నాడు పిల్లల డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి భాగ్యరేఖకు పత్రికల్లో చదివిన రోగాలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. అమ్ము తిన్నదంతా నోటుపుస్తకంలో రాసేది. "ఇడ్లీ: పావు. మింగింది: అనుమానం."

అన్నం చూస్తే మొహం తిప్పుకునే ఆ పిల్ల, గురునాథరావుగారి చేతిలో అంజూరను మాత్రం చప్పరించి తినేది. అదీ సగమే.

"అమ్ముకైనా పూర్తి పండు ఇవ్వండి బాబాయిగారూ."

"రూలు రూలేనమ్మా."

భాగ్యరేఖ లోపలికొచ్చి భర్తతో చెప్పుకుంది. "మూడేళ్ళ పిల్ల నోటి ముందు నుంచి సగం మింగేస్తారండీ. మనిషేనా?"

"పోనీలే, మిగతా సగం ఇస్తున్నారుగా" అన్నాడు లక్ష్మీప్రసాద్. అతనూ ఆ మిల్లులోనే పనిచేస్తాడు.

ఇంతలో గురునాథరావుగారు, నూకాలమ్మగారు దగ్గర్లోనే నందిని అనే ఊళ్ళో ఉన్న కూతురింటికి మూడు రోజులు వెళ్ళారు. "పళ్ళు రాలిపోతాయి, కోసుకోమ్మా" అని చెప్పి వెళ్ళింది నూకాలమ్మగారు. భాగ్యరేఖకు పండగే. నాలుగు పళ్ళు పూర్తివి, తొడిమతో సహా నూరి, పాలలో కలిపి అమ్ముకు ఇచ్చింది.

అమ్ము ఒక్క గుక్క తాగి ఉమ్మేసింది. "ఫెయిల్" అంది.

చూస్తే పాలు పలుకులు పలుకులుగా విరిగాయి. నాలిక మీద వేసుకుంటే చేదు. మరో పండు తీసి ఆయన కోసినట్టే అడ్డంగా కోసింది. తొడిమ వైపు తెల్లటి పాలు చాకుకు అంటుకున్నాయి. ఆ సగం తింటే చప్పగా ఉంది, కాసేపటికి పెదాలు దురద. కింది సగం మాత్రం బెల్లం పాకం. అంజూర పాలకు పాలను విరగ్గొట్టే గుణం ఉందని తను పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

సాయంత్రం భర్తను అడిగింది. "మిల్లులో పట్టా కొన కోసేది టెస్టుకేనా?"

"టెస్టుకు చిన్న ముక్క చాలు. లోపాలుండేది కొనలోనే. అది కోసి తుక్కులో వేస్తారు."

"ఆ తుక్కు ఏమవుతుంది?"

"ఫర్నేసు తింటుంది."

"మన ఫర్నేసు నందిని వెళ్ళింది" అంది భాగ్యరేఖ పెదాలు రుద్దుకుంటూ.

ఆయన తిరిగొచ్చిన రోజే అడిగేసింది. "చప్పటి సగం పారేయొచ్చుగా బాబాయిగారూ? తిని మూతి వాపు తెచ్చుకోవడమెందుకు?"

ఆయన చాకు తుడుచుకున్నారు. "పారేస్తే మీరు ఊరుకుంటారేటి? అయ్యో, పెద్దాయన సగం పారేసి మంచిది మనకిస్తన్నాడని మొగమాటపడతారు. రేపు రారు. నేను తినీసేననుకో, నన్ను తిట్టుకుని సుబ్బరంగా తింటారు. మళ్ళీ వస్తారు. ఈ సంగతి మీ పిన్నికి చెప్పకు."

నెలాఖరుకు అమ్ము ఏడు వందల గ్రాములు పెరిగింది. ఏం పెట్టారని భాగ్యరేఖను అడిగాడు డాక్టరు. తను పెట్టిందేమీ లేదు. తల్లి కంచంలో అన్నం, తండ్రి కంచంలో చపాతీ, దేంట్లోనైనా సగం టెస్టు పీసుగా తిని "పాస్" అంటే గాని అమ్ము ఎవరినీ తిననివ్వడం లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చి భాగ్యరేఖ దోసె పోసి, కొన కాస్త మాడినా అదే గురునాథరావుగారికి పంపింది. అమ్ము పళ్ళెం పట్టుకెళ్ళి, గుమ్మంలో ఆగి, దోసె తుంచి కరకరా నమిలి మింగింది.

"పాస్" అని మిగతాది ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దోసెను అటూ ఇటూ తిప్పి, తుంచిన చోట నల్లటి మరక చూశారు. "మాడిన కొన ఏదమ్మా? కనపడదేటి?"

భాగ్యరేఖ లోపలికెళ్ళి నోటుపుస్తకం తీసింది. "దోసె: మాడిన కొన. మింగింది: అనుమానం లేదు."