పెద్దబాపు కారుకు చైనా రూలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళకే ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులోని తర్జుమా ఆఫీసులో ఉద్యోగం దొరికితే ఎవరికైనా అంతేనేమో. ఇంగ్లీషులో వచ్చిన కాగితాల్ని తెలుగులోకి మార్చడం నా పని. మందుసీసా మీది జాగ్రత్తలు కానీ, మిక్సీ వాడే పద్ధతి కానీ, పొద్దున రాసింది సాయంత్రం నాంపల్లిలో ఇంటికొచ్చి నేనే కనిపెట్టినంత ధీమాగా బోధించేదాన్ని. వినేది ముఖ్యంగా మా పెద్దబాపు. మా నాన్నకు అన్న, ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి దుకాణంలో గుమాస్తా. వాళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను. నేను నోరు విప్పగానే ఆయన పెద్దమ్మ వైపు తిరిగి, "సూసినవా, మన బిడ్డ ఎట్ల చెప్తుందో!" అనేవాడు. (పెద్దమ్మ మాత్రం మిక్సీ నా చేతికిచ్చేది కాదు.)

అట్లాంటి రోజుల్లో ఆఫీసుకు ఒక కొత్త పని వచ్చింది. గ్రానైటు వ్యాపారం మీద చైనాలో ఉంటున్న తెలుగాయన ఒకరు అక్కడ కారు కొన్నారట, దాని తనిఖీ నియమాలు తెలుగులో కావాలట. చాలా ఇష్టంగా రాశాను. సొంతానికి వాడుకునే చిన్న కారును మొదటి పదేళ్ళలో రెండేసార్లు, ఆరో ఏట ఒకసారి, పదో ఏట ఒకసారి, తనిఖీ కేంద్రానికి తీసుకెళ్ళాలి. మధ్యలో రెండేళ్ళకోసారి తనిఖీ గుర్తుకు దరఖాస్తు పెట్టుకుంటే చాలు, బండిని చూపించనక్కర్లేదు. మనుషులకు దెబ్బలు తగిలిన ప్రమాదం జరిగితేనో, బండికి అక్రమంగా మార్పులు చేస్తేనో ఈ వెసులుబాటు పోతుంది. మా సారు చదివి ఒక్క కామా కూడా మార్చలేదు. ఆ గర్వంతో రెండో పేజీ నకలు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. చైనా అన్న మాట మొదటి పేజీలోనే ఉండిపోయింది.

సరిగ్గా ఆ వారమే పెద్దబాపు కారు కొన్నాడు. మా వంశంలో మొదటి కారు. "గీ బండికి ఇంకేమేం కాయితాలు కావాలె బిడ్డా?" అని అడిగాడు. మన రూల్స్ నాకు ఒక్కటీ తెలియదు. తెలియదు అనడం అప్పటికింకా నేర్చుకోలేదు. చేతిలో ఉన్న పేజీ గంభీరంగా చదివి, "ఆరేళ్ళ దాకా తనిఖీ లేదు పెద్దబాపూ" అన్నాను. చైనా అని చెప్పానా? చెప్పే ఉంటానని చాలాకాలం వాదించాను. చెప్పలేదు. చెబితే ఆ వాక్యం చిన్నబోతుందనిపించింది.

ఏడాది దాటాక ఒక ఆదివారం పొద్దున, పెద్దమ్మతో కలిసి ముగ్గురం బషీర్‌బాగ్‌లో చుట్టాలింటికి వెళ్తుంటే ఆబిడ్స్ చౌరస్తాలో ట్రాఫిక్ ఎస్సై బండి ఆపాడు. అన్నీ చూసి, "పొల్యూషన్ సర్టిఫికెట్ ఏది పెద్దాయనా? కొని ఏడాది దాటింది గద" అన్నాడు.

"దానికి ఆరేండ్లు టైముంది సార్" అంటూ పెద్దబాపు డాష్‌బోర్డులోంచి ఒక కాగితం తీశాడు. నా రెండో పేజీ! లామినేషన్ చేయించి మరీ దాచుకున్నాడు. (ఆయన నర్సరీవాడిచ్చిన చీటీకి కూడా లామినేషన్ చేయిస్తాడు.) వెనక సీట్లో నేను కిందికి జారి కూర్చున్నాను.

ఎస్సై మొత్తం చదివాడు. "మంచిగనే రాసిన్రు. గాని గీ రూలు నేనెన్నడు సూడలే."

"మా బిడ్డ రాసింది సార్. గవర్నమెంటోళ్ళు గుడ గింత సక్కగ రాయరు."

"జర ఆగున్రి, మా పెద్దసార్‌ను అడుగుత" అని ఎస్సై ఫోను తీశాడు. అవతలి పెద్దసారు నవ్వితే చౌరస్తా అంతా నవ్వుతుంది. ఆ నవ్వంతా పెద్దబాపు మీద పడుతుంది. కారు దిగాను.

"సార్... అది చైనా రూలు."

ఎస్సై నవ్వాడు. పక్కనున్న కానిస్టేబుల్ ఇంకా గట్టిగా నవ్వాడు. పెద్దబాపు నవ్వలేదు. ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇన్నేళ్ళ "మన బిడ్డ" అక్కడే ముగిసిపోయిందనుకున్నాను.

"చైనాదా?" అన్నాడాయన మెల్లగా. "చైనా కానూన్ గుడ చదివినవా బిడ్డా?" వెంటనే ఎస్సై వైపు తిరిగాడు. "సూసిన్రా సార్? గీ ఆబిడ్స్‌ల కూసోని చైనాల ఉన్నోళ్ళకు రూల్స్ చెప్తుంది!"

"చెప్పనీయున్రి పెద్దాయనా. చలాన్ మాత్రం హైదరాబాద్‌దే రాస్త."

కాస్త ముందుకెళ్తే రోడ్డు పక్కన పొల్యూషన్ పరీక్ష చేసే వ్యాను ఉంది. వ్యాను అతను మా బండి పొగగొట్టంలో గొట్టం పెట్టి కంప్యూటర్ చూస్తుంటే, "నన్ను తిట్టు పెద్దబాపూ" అన్నాను.

"ఎందుకు తిడ్త? షోరూమోడు ఏడాది కాంగనే చేపియ్యమన్నడు. రెండుసార్లు ఫోన్ గుడ చేసిండు. మా బిడ్డ అక్కర్లేదన్నది, నీకేం తెలుసని నేనే వాన్ని కోప్పడ్డ."

ఫిర్యాదుగా కాదు, మామూలుగా అన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దమ్మ అడిగితే పొగ అని చెప్పాను.

ఇప్పుడు ఎవరేమడిగినా, చూసి చెబుతానంటాను. చూసే చెబుతాను. అందుకే ఆఫీసులో మంచి పేరుంది. అయినా అన్నీ తెలుసనుకున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుందే తప్ప కోపం రాదు. కొంచెం అసూయ కూడా కలుగుతుంది. షోరూము మాట కాదని, ఊరి రూల్స్ కాదని, ఒక మనిషి ఏడాదిపాటు ఆమె మాట మీద కారు నడిపాడు. నేను ఇప్పుడు అన్నీ సరిగ్గానే చెబుతాను గానీ, అట్లా నమ్మినవాళ్ళు మళ్ళీ దొరకలేదు.