ధనలక్ష్మి కడిగిన గాజు పలకలు

విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పదమూడేళ్లుగా గాజు పలకలు కడుగుతున్న ధనలక్ష్మికి ఆ సోమవారం మెమో ఇచ్చారు. 'ధనలక్ష్మి మురికి చేతులతో పలకలు ముట్టినందున ప్రయోగం చెడింది. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదు.' చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. చిన్నప్పుడు కళింగపట్నంలో ఎండుచేపలు తిరగేసిన చేతులే కావచ్చు. మోచేతుల దాకా తోముకోనిదే ఏనాడూ పలక ముట్టలేదు.

అక్కడ ప్రొఫెసర్ లక్ష్మీనరసింహం, మందు ద్రవంలోని కంటికానని రేణువులు ఎంతెంత గుంపులు కడతాయో హోలోగ్రాఫిక్ మైక్రోస్కోపుతో కొలుస్తున్నాడు. చుక్కలోంచి లేజరు వెలుగు పోతే కెమెరాలో ఉంగరాల్లాంటి ముద్రలు పడతాయి. వాటిని బట్టి కంప్యూటరు లెక్కగడుతుంది. విడివిడిగా ఉండాల్సిన రేణువులు వారంగా ముద్దలు ముద్దలుగా కనబడుతున్నాయి. తప్పెవరిది? మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి. కడిగే మనిషిదేనని మెమో రాసేశాడు!

డిస్టిల్డ్ వాటర్ మిషను పాడైందని ఆమె రెండుసార్లు మొత్తుకుంది. “బోరు నీళ్లు వడకట్టి కలపండి, తేటగానే ఉన్నాయిగా” అన్నది ఎవరనుకున్నారు? ఆ పెద్దమనిషే.

మర్నాడు ఆమె మెకానిక్ షాపులో బ్యాటరీ నీళ్ల సీసా కొని (అవీ డిస్టిల్డ్ వాటరే), ల్యాబులో పరిశోధన చేస్తున్న సంహిత ముందు పెట్టింది.

“వరదప్పుడు వంశధార ఎర్రనీళ్లు మొగకాడ సముద్రంలో కలిసేసరికి, బురద ముద్దకట్టి అడుక్కి దిగిపోతాదమ్మా. ఉప్పు సేసే పని అది. మన బోరు నీళ్లకి సబ్బు నురగే రాదు. వడకడితే ఉప్పు పోతాదేటి? ఒకపాలి ఈ నీళ్లతో కలిపి సూడు.”

ఒకే మందు, ధనలక్ష్మి కడిగిన పలకలే. బోరు నీళ్ల చుక్కలో ముద్దలు. బ్యాటరీ నీళ్ల చుక్కలో రేణువు రేణువుకీ విడి ఉంగరం. సంహిత మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అంతే.

లక్ష్మీనరసింహం చూసి నవ్వేశాడు. “సరే, ఆ మెమో చింపేయమ్మా.”

చింపేస్తే ఆఫీసు ఫైల్లో ఉన్న కాపీ మాటేమిటి? పదమూడేళ్ల చాకిరీకి ఒక నవ్వు పారేస్తే సరిపోతుందా? ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“సింపను సార్. రాసిన సేత్తోనే మళ్లీ రాయండి.”

ఆయన ముఖం చిట్లించుకుని, మెమో కిందే రాశాడు: 'నీటిలోని లవణాల వల్ల రేణువులు గుంపుకట్టాయి. సిబ్బంది తప్పు లేదు.'

ఆమె ఒక్కో మాటా చదివి, కాగితాన్ని తిరిగి ఆయన ముందుకే తోసింది.

“సిబ్బంది కాదు సార్, ధనలక్ష్మి అని రాయండి. తప్పుకి పేరెట్టినోరు ఒప్పుకి ఎట్టరా?”