హెలికాప్టర్ కూల్చే ఓబుళేశు

కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే ఓబుళేశుకు ఉన్నది ఒకటే పిచ్చి. కంప్యూటర్లో హెలికాప్టర్ ఎగరేస్తాడు. ఎగరేస్తాడనడం మర్యాదకు, కూలుస్తాడు. మైదుకూరు టీకొట్లో శేషన్న ఒకనాడు దీని మీదే గొడవకు దిగాడు. అక్కడికి పాలకోసం వచ్చిన నేతగాళ్లింటి మల్లక్క గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"రిమోటు హెలికాప్టర్ కొని అటక మీద పెట్టి, కంప్యూటర్లో బొమ్మను కూలుస్తాండావు. అరవై ఏండ్లొచ్చె, సిగ్గుండాలప్పా," అన్నాడు శేషన్న.

"నువ్వు కొత్త బండి కొన్న వారానికి అది యాడుండె?" అని నిమ్మళంగా అడిగాడు ఓబుళేశు.

"కాలవలో."

"నువ్వు యాడుంటివి?"

శేషన్న టీగ్లాసు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. టీ కాచే నరసింహ "బండి కింద" అన్నాడు.

"నేను దినామూ కూలుస్తాండా. ఒక గీత పడలా, చుక్క రక్తం రాలా. ఇంగ చెప్పు, మనిద్దర్లో తోలేది ఎవురికి బాగొచ్చు?"

కొట్టంతా నవ్వింది. శేషన్న సగం టీ వదిలేసి పోయాడు. నోటితో గెలవడానికి ఊళ్లో తను కాక ఇంకొకరున్నారని మల్లక్కకు ఆరోజే తెలిసింది. ఆమెకది నచ్చలేదు.

ఆ పిచ్చి కొన్నాళ్లకు నేరుగా ఆమె ఇంటికే వచ్చింది. మల్లక్క మొగుడు సుంకన్నకు పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, ఎడమచెయ్యి మాత్రం మాట వినడం మానేసింది. వేళ్లు ఆడించకపోతే బిగుసుకుపోతాయని కర్నూలు డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి పంపాడు. చీరలు నేసిన చెయ్యి బంతి పిసకాలా అని సుంకన్న దాన్ని గోడకేసి కొట్టాడు, కుడిచేత్తో. ఎడమచెయ్యిని తువ్వాలు కింద దాచుకుని, మగ్గానికి వీపు తిప్పి కూర్చున్నాడు. మల్లక్క తిట్టింది, బతిమాలింది, బంతిని దిండు కింద పెట్టింది. చెయ్యి కదలలేదు.

అలాంటి ఇంటికి ఓబుళేశు లాప్‌టాప్, రెండు పుల్లల రిమోటు చంకన పెట్టుకుని వచ్చాడు.

"మా అంగట్లో దుమ్ము వదినా. మీ వసారాలో పెట్టుకుంటా."

"మా ఇల్లేమన్నా ఏర్‌పోర్టా? కడపలో ఉండాది గదా, ఆడికి పో."

"ఆడ కూల్చనీరు వదినా."

ఆనాటినుంచి వసారాలో రోజూ ప్రమాదమే. హెలికాప్టర్ లేచేది, గుడ్డికోడిలా చుట్టూ తిరిగేది, నేలకు కొట్టుకునేది. మల్లక్క సంగటి కెలుకుతూ లోపలినుంచే పలకరించేది.

"ఏమప్పా, పోయినారా అందరూ?"

"పోయినారు వదినా. బటన్ నొక్కితే లేస్తారు."

చేతిలో సంగటిముద్ద జారి కింద పడినా బటన్ కోసం వెతికే రకం ఓబుళేశు.

ఒక తప్పు మాత్రం అతన్ని వదల్లేదు. హెలికాప్టర్ ముక్కు అటు ఉన్నంతసేపూ బాగానే నిలిపేవాడు. ముక్కు తనవైపు తిరిగిందా, దాని కుడి తనకు ఎడమవుతుందన్నది మరిచి, పుల్లను తప్పు తిప్పి పడేసేవాడు. చూసి చూసి ఒకనాడు సుంకన్న కూర్చున్న చోటినుంచే కసిరాడు.

"రేయ్, మగ్గం మీద చీర బోర్లా నేస్తామే, అట్లనుకో. పువ్వు అటు తిరగాలంటే చెయ్యి ఇటు తిరగాల."

"అర్థం కాలా అన్నా."

"నీ బుర్రలో మోటారు కాలిపోయినాది. ఇట్ల తే."

తువ్వాలు జారింది. రిమోటు ఒళ్లోకి వచ్చింది. కుడిచెయ్యి ఒక పుల్ల పట్టింది. పైకి లేపేది, తోక తిప్పేది మాత్రం ఎడమ పుల్ల. సుంకన్న కాసేపు దాన్ని చూశాడు. వంకర బొటనవేలిని కుడిచేత్తో ఎత్తి దానిమీద పెట్టుకున్నాడు. హెలికాప్టర్ లేచీ లేవకముందే కూలింది.

"బటన్ యాడుండాది?" అన్నాడు సుంకన్న.

ఆ పూట మల్లక్క సంగటి మాడింది.

ఎండలు పోయి చినుకులు పడేసరికి బొటనవేలు వంగింది. పక్కవేలు దాన్ని చూసి నేర్చుకుంది. ఇప్పుడు సుంకన్న గురువు. శిష్యుడు ఓబుళేశు నానాటికీ మరింత మొద్దవుతున్నాడు. అతనికి ఈ జన్మలో రాదని మల్లక్క వీధంతా చాటింది.

ఒక పొద్దున శిష్యుడు రావడం ఆలస్యమైంది. సుంకన్న ఓపలేక "వాడు యాడ సచ్చినాడో పిలుచుకురాపో" అని పెళ్లాన్ని తరిమాడు. మార్కెట్ యార్డు వెనక బయలులో మల్లక్కకు ఓబుళేశు కనిపించాడు. అతని ఎదుట గాలిలో, అటకమీద ఉండాల్సిన రిమోటు హెలికాప్టర్ ఉంది. ముక్కు అతనివైపే ఉంది. నీళ్లమీద లకుముకిపిట్టలా అది కదలకుండా నిలిచింది. తర్వాత తిరగబడి తలకిందులుగా కూడా అలాగే నిలిచింది.

ఓబుళేశు తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు. వెంటనే హెలికాప్టర్‌ను పక్కనున్న శనగపొట్టు కుప్పమీద పడేశాడు. ఎంత నేర్పుగా పడేశాడంటే, రెక్క కూడా వంగలేదు.

"మళ్లా పడిపాయె వదినా."

"నా చెవిలో పూలు పెట్టొద్దు. ఇది నీకు ఎప్పటినుంచి వస్తాది?"

ఓబుళేశు పొట్టు దులుపుతూ నసిగాడు. "మీ వసారాకు వచ్చేనాటికే వస్తాండె."

"మరి దినామూ కూల్చేది?"

"నాకొచ్చినాదంటే అన్న రిమోటు నా చేతిలో పెట్టి మళ్లా గోడ తట్టు తిరుగుతాడు. నేను మొద్దునైతేనే ఆ చెయ్యి తువ్వాలు కింద నుంచి బయటికొస్తాది."

మల్లక్క నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసింది. పెళ్లైన నాటినుంచీ ఆమె ఆ పని చేసింది లేదు. కొంగు సర్దుకుని, తనకే కొత్తగా వినిపించిన గొంతుతో "రాప్పా, కాఫీ తాగుదువు" అంది.

ఓబుళేశు కంగారుపడ్డాడు.

"అట్ల మెత్తగా మాట్లాడొద్దు వదినా, అన్న కనిపెడతాడు. ఇంటికి పోతానే నేను పడేస్తా. నువ్వు రోజూ కంటే ఇంగొంచెం గట్టిగా తిట్టు."