డేల్ పాడిన ఒక్క టేపు

అమెరికాలోని టొలీడోలో మామీ నదికి తూర్పుగట్టున పుట్టిన మగబిడ్డకు గాజు కార్ఖానా కొలిమి పుట్టుకతోనే రాసిపెట్టి ఉండేది. వెండెల్ సాబోకు మాత్రం బ్రహ్మ ఆ రాత రాయబోయి, ఏ పాటో వినబడి చేయి ఆపినట్టుంది. హంగరీ నుంచి వచ్చిన తాతా, ఆ తాత కొడుకూ నిప్పు ముందు నిలబడి బతుకులు కాచుకున్నారు. ఇతడికి చెవి అబ్బింది. వీధి చివరి చర్చిగంట చలికాలంలో ఒక స్వరమూ, వేసవిలో ఇంకొక స్వరమూ పలుకుతుందని పదేళ్ళప్పుడే చెప్పి, పాదిరిగారి చేత మొట్టికాయ తిన్నాడు.

పెరిగి పెద్దవాడై రేడియో స్టేషనులో తెగిన టేపులు అతికే పనిలో చేరాడు. తరువాత మూతబడ్డ రొట్టెల బట్టీనొకదాన్ని అద్దెకు తీసుకుని, పాటలు రికార్డు చేసే చోటుగా మార్చుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. "వాడు చేసుకోకపోవడమేం, ఒక రాక్ బృందాన్నే చేసుకున్నాడుగా!" అని ఊళ్ళో వేళాకోళం.

ఆ బృందం పేరు 'ఫర్నెస్ లేన్'. పాడేది రోజలిండ్ ఫైఫర్. గిటారు ఆమె అన్న డేల్‌ది. డ్రమ్ములు ఆగీ ట్రెస్లర్‌వి. వారి మొదటి రికార్డు ఆ బట్టీలోనే పుట్టింది. రొట్టెలు కాల్చిన ఇటుక గదిలో ఆగీని కూర్చోబెట్టి వాయింపించగా, ఆ మోత, నది కలిసే సరస్సు అవతలి ఊళ్ళదాకా పాకింది. అది విని లాస్ ఏంజిలస్ కంపెనీవాళ్ళు వారిని పడమటికి ఎత్తుకుపోయి రెండవదాన్ని చేయించారు. అది ఉప్పులేని పప్పయింది. మూడవదానికి మళ్ళీ వెండెల్ దగ్గరికే వచ్చారు. నది గడ్డకట్టిన ఆ జనవరిలో చేసిన పాటలే ఈనాటికీ జనం నోట ఉన్నవి. స్కేటింగు మైదానంలో జనం ముందు పాడినది నాలుగవది. చివరిదాన్ని కొన్నవారు లేరు. రామాయణానికి కాండలెలాగో వెండెల్ జీవితానికి ఆ రికార్డులు అలాగ. ఏ సంవత్సరం ఏమైందని అడిగినా, ఏ రికార్డుకు ముందో ఏ రికార్డుకు వెనకో చెప్పేవాడు.

కంపెనీ గిడ్డంగి తగలబడి అసలు టేపులన్నీ బూడిదైపోయిన తరువాత, రొట్టెల అరల్లో వెండెల్ దాచిన నకళ్ళే లోకంలో మిగిలాయి. వాటితోపాటు ఒక అనాథ రీలు కూడా ఉంది. బృందానికి ఇంకా పేరైనా లేని రోజుల్లో చర్చి హాల్లో పట్టినది. అన్నాచెల్లెళ్ళు ఒక చరణం ఒకరు, ఒక చరణం ఒకరుగా పాడిన పాట. ఏ రికార్డులోనూ చేరలేదు. డేల్ నోరు తెరిచి పాడినది అదొక్కటే. ఆ తరువాత అతడు గిటారు వెనక్కి తప్పుకుని, పాటంతా చెల్లెలికి వదిలేశాడు. అతడు పోయి పన్నెండేళ్ళు.

ఈస్టరుకు ముందరి ఉపవాసాలు మొదలయ్యే బుధవారంనాడు రోజలిండ్ బట్టీకి వచ్చింది. నుదుట చర్చిలో పెట్టిన బూడిద గీత ఇంకా చెరగలేదు. గొంతు గులకరాళ్ళ మీద చెప్పులీడ్చినట్టుంది.

"సోమవారం కోసేస్తారట," అంది కుర్చీ లాక్కుంటూ. "స్వరపేటిక మొత్తం. ఇక మీ ప్రాణాలకు సుఖమే."

"డాక్టరే అన్నాడా ఆ మాట?"

"డాక్టరు మర్యాదస్తుడు వెండెల్. సుఖమన్నది నా సొంత కవిత్వం."

అతడు నవ్వలేకపోయాడు. ఆమె అది గమనించనట్టే అరలవైపు చూసింది.

"డేల్ పాడింది ఉంది కదా? శనివారానికి తీసిపెట్టు. నా చరణాలు నేను పాడతాను, వాడివి వాడు పాడతాడు. ఒక్కసారి. ఆ తర్వాత వాళ్ళు ఏం కోసుకుంటే నాకేం?"

"నీ గొంతు నొప్పి పెట్టదూ?"

"సోమవారం తీసి పారేసేదాన్ని ఎవడికోసం దాచమంటావ్?"

వెండెల్ తల ఊపాడు. ఆ ఊపడంలో ఒక జన్మకు సరిపడా మాట ఇచ్చాడు.

నిలవున్న టేపుకు గాలిలోని తేమే శత్రువు. పాటను పట్టి ఉంచే పూత జిగురెక్కి, తిప్పితే యంత్రానికి అంటుకుని, అరుస్తూ తన పాటను తానే గీకేసుకుంటుంది. దానికి మందు సన్నని వేడి. పళ్ళు ఎండబెట్టే పెట్టెలో ఒక రోజు ఉంచితే జిగురు ఆరి, కొన్నాళ్ళపాటు టేపు మళ్ళీ పలుకుతుంది. ఆ దేశంలో పాత టేపులు కాపాడేవారందరూ చేసే పనే అది. కాని అంతకంటే పాతరకం టేపు ఒకటుంది. దానికి వేడి తగిలితే మరణమే. తేడా కనిపెట్టడం పసివాడికైనా చేతనవుతుంది. రీలును కిటికీకి ఎత్తి పట్టుకుంటే పాతరకంలోంచి వెలుగు తేనెరంగులో దిగుతుంది, కొత్తరకం నల్లగా అడ్డుపడుతుంది. 'డబ్బా చెప్పేది నమ్మకు, వెలుగు చెప్పేది నమ్ము' అని వెండెల్ దగ్గర పని నేర్చినవారందరూ నోటికి వల్లించినవారే.

ఆ గురువారం మంచు దట్టంగా కురిసింది. రీళ్ళన్నీ ఒక్కొక్కటే డబ్బాలోంచి తీసి పెట్టెలో సర్దుతున్నంతసేపూ వెండెల్ చెవిలో రోజలిండ్ కొత్త గొంతే గీరుతున్నది. చర్చి హాలు రీలు చేతికి వచ్చింది. డబ్బా మీద కొత్తరకం గుర్తు ఉంది. బీదరికపు రోజుల్లో రేడియో స్టేషను పారేసిన పాత టేపును ఏ ఖాళీ డబ్బా దొరికితే అందులో వేసినవాడు తానేనని ఆ నిమిషాన అతడికి తోచలేదు. కిటికీవైపు తిరగలేదు. మూత వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూత తీయగానే వెనిగరు వాసన కొట్టింది. తక్కిన రీళ్ళన్నీ చక్కగా, తళతళలాడుతూ, బతికి ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం ఎండుటాకులా అంచులు ముడుచుకుని, పొరకూ పొరకూ మధ్య సందులు పడి ఉంది. వెండెల్ దాన్ని ఎత్తి అప్పుడు కిటికీకి పట్టుకున్నాడు. వెలుగు దిగింది, తేనెరంగులో.

ఉపవాసాల శుక్రవారాల్లో చర్చిలో పెట్టే చేపల భోజనం కట్టించుకుని ఆగీ వచ్చేటప్పటికి అతడు అలాగే నిలబడి ఉన్నాడు.

"ఏరా ముసలోడా, కిటికీకి దండేస్తున్నావా? పెర్చ్ చేపలు వేడిగా ఉన్నాయి, రా." అంతలో ఆగీకి వాసన తగిలింది. డ్రమ్ములు వాయించినవాడైనా టేపుల మధ్య బతికినవాడే. "ఏదిరా అది?"

"చర్చి హాలుది."

ఆగీ పొట్లం బల్లమీద పెట్టాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభంరా వెండెల్! వెలుగుకి చూడలేదా? మాకందరికీ అదే పురాణం చెప్పి చంపేవాడివి కదరా!"

"చూడలేదు."

"రోజలిండ్‌కి చెప్పకు. ఇంట్లో ఎక్కడా కనబడలేదని చెప్పు. నేనూ వంత పాడతా."

"కనబడలేదంటే అది శనివారమంతా నా అరలు వెతుకుతుంది ఆగీ. వెతుకుతూ ఉండగానే సోమవారం వస్తుంది."

పొట్లం ఎవరూ విప్పలేదు. చేపలు చల్లారిపోయాయి.

ఆ రాత్రి వెండెల్ చేసిన ప్రార్థనలో క్షమాపణ లేదు. పాపం చిన్నదైతే క్షమ అడగవచ్చు. ఒక గొంతును చంపినవాడు ఏ నోటితో అడుగుతాడు? ఒక్క చరణం మిగల్చు తండ్రీ అని మాత్రం అడిగాడు. ఆ కోరికే అత్యాశలా తోచి, దాన్నీ మధ్యలో ఆపేశాడు.

శనివారం రోజలిండ్ ఎర్ర కోటు వేసుకుని, పెదవులకు రంగు పూసుకుని వచ్చింది. సభకు వచ్చినట్టే వచ్చింది. వెండెల్ ఎదురు వెళ్ళి గుమ్మంలోనే చెప్పేశాడు. కిటికీ సంగతీ చెప్పాడు, డబ్బా సంగతీ చెప్పాడు.

ఆమె అతడి చేతులవైపు చూసింది.

"ఎవడో కుర్రవెధవ చేసుంటే పళ్ళు రాలగొట్టేదాన్ని," అంది. "నువ్వు చేశావు. నిన్నేం చెయ్యను?"

"ఏమైనా చెయ్యి రోజీ."

"పెట్టు, దాన్ని తిప్పు."

"తెగిపోతుంది. తిరిగినంతమేర పెచ్చులు రాలతాయి. రెండోసారి ఉండదు."

"నాకు మాత్రం రెండోసారుందా? తిప్పమంటున్నాను."

వంకర పోయిన టేపు యంత్రానికి ఆనదు. వెండెల్ చూపుడువేలితో దాన్ని అదిమిపట్టి, రెండో చేత్తో రీలును మెల్లగా నడిపాడు. పొద్దుటే వచ్చి ఉన్న ఆగీ మరొక యంత్రంలో దాన్ని పట్టడానికి మీటలు సరిచేశాడు. రోజలిండ్ కోటు విప్పకుండానే మైకు ముందు నిలబడింది.

మొదట పెచ్చులు రాలిన గరగర. తరువాత గిటారు, నీళ్ళలో మునుగుతూ తేలుతూ. డేల్ పాట మొదలయ్యే చోటికి రాగానే టేపు పుటుక్కున తెగింది. వెండెల్ బ్లేడు తీసి, తెగిన కొసలు సరిగా కోసి అతికాడు. మళ్ళీ తెగింది. మళ్ళీ అతికాడు. అన్న చరణం ఉండవలసిన మేరంతా వేళ్ళసందుల నుంచి గోధుమరంగు పొడిగా బల్లమీదకు రాలిపోయింది. ఆగీ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అంతలో ఒక కన్నెగొంతు లేచింది. పందొమ్మిదేళ్ళ రోజలిండ్‌ది. ఏ గీతా పడని, ఏ భయమూ ఎరగని గొంతు.

"నాది కాదు," అంది మైకు ముందున్నామె, అరిగిన గొంతుతో. "నాది నేనే పాడతానన్నానుగా. వాడిది వెతుకు."

వెండెల్ వేలు తీయలేదు. టేపులోని పిల్ల తప్పుచోట అందుకుందేమో, రెండు మాటలు పాడి నాలుక కరుచుకుని నవ్వింది. ఆ నవ్వు మీద, మైకుకు దూరం నుంచి, ఒక మగగొంతు పలికింది. పాట కాదు, మామూలు మాట.

"ఆగవే రోజీ. ఇంకా నా వంతే."

వెండెల్ వేలికింద టేపు వణికింది. రోజలిండ్ మైకు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. ఆమె గొంతులో తన చరణం అప్పటికే సిద్ధంగా ఉంది; మింగింది.

"సరే," అంది. "పాడు."

రీలు తిరుగుతూనే ఉంది. టేపుమీద ఇక పూత లేదు. గాజులా తేటపడిన దాని గుండా బల్లమీది దీపం వెలుగు కనబడుతున్నది. వెండెల్ ఆపడానికి చేయి చాచబోతే ఆమె కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపింది. పెదవులు కొద్దిగా విచ్చి, మోగని ఆ చరణాన్ని అన్న ముగించేదాకా నిలబడే ఉంది.