బెంజమిన్ గొంతులో ద్రాక్షరసం

2006 మే. జూలూరుపాడు వాసి, బస్సు కండక్టరు బెంజమిన్‌కు హైదరాబాదులో గొంతు క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఏడు వారాలైంది. కోసేసిన చోట ముంజేతి చర్మం తెచ్చి కుట్టారు. తిండి ముక్కులో గొట్టం గుండానే. సోమవారం పరీక్షలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే గొట్టం తీసేస్తామన్నారు.

మింగడం మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? పైగా ప్రమాదం పల్చటి నీళ్లతోనే. కొత్త గొంతు వాటిని ఆపలేదు, ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. చిక్కటి రాగిజావ నయం. గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి బిగబట్టి మింగాలి, దగ్గాలి. భార్య సంపూర్ణ రోజుకు ఇరవై చెంచాలు ఇలాగే మింగించేది.

ఆదివారం ఆరాధన కాగానే పాస్టరు క్రాంతికుమార్ ముప్పై మందిని వెంటేసుకుని వచ్చాడు. చర్చికి రాలేని రోగికి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇంటికే తేవడం వాళ్ల ఆనవాయితీ.

"రొట్టె వద్దులే తమ్ముడూ, గట్టిగుంటది. రసం పల్చగనే ఉంది, తాగు."

"అయ్యగారూ, పల్చటిదే వద్దన్నరు," అంది సంపూర్ణ.

"ప్రభువు రక్తమమ్మా. గది హాని జేస్తదా?"

వెనక నుంచి ఒక పెద్దావిడ అందుకుంది. "ఏందే, డాక్టర్ల మీదున్న నమ్మకం దేవుని మీద లేదా?"

అంతమంది ముందు బెంజమిన్ కాదనలేకపోయాడు. ఆ సంఘంలో అందరూ తాగినట్టే ముఖం పైకెత్తి గుటక వేశాడు.

దగ్గు రాలేదు. చప్పుడే లేదు. ముఖం నీలమైంది, చేతులు గాల్లో కొట్టుకున్నాయి. పరిశుద్ధాత్మ దిగిందనుకుని జనం చేతులెత్తి స్తోత్రాలు మొదలుపెట్టారు! ఆ కేకల మధ్య సంపూర్ణ అతని మెడ వంచి వీపు మీద బాదింది. కఫంతో కలిసి ఎర్రటి రసం పాస్టరు తెల్లచొక్కా మీద పడింది.

"బతికిండు, స్తోత్రం!" అన్నాడాయన. చంపబోయింది ఎవరో ఒక్కరూ అడగలేదు.

సోమవారానికి నిమోనియా. ఖమ్మం దవాఖానాలో పదిహేను రోజులు. గొట్టం అలాగే ఉండిపోయింది. చూడ్డానికొచ్చిన పాస్టరును సంపూర్ణ గుమ్మంలోనే ఆపింది.

"ప్రార్థన జేసుకోండి అయ్యగారూ. ముందుగాల చేతులు చూపెట్టండి, ఏం తెచ్చిండ్రో."

మళ్లీ మొదటి చెంచా నుంచి. జులై చివర పరీక్షలో జావ సరైన దారినే దిగింది, గొట్టం తీసేశారు. కృతజ్ఞత కూడికలో బెంజమిన్‌ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుని మహిమ వినడానికి అందరూ ముందుకు జరిగారు. అతను ముద్దముద్దగా అన్నాడు:

"అయ్యగారూ, మెడ వంచి తాగాలె. ఎవరి రక్తమైనా."