పెద్దమ్మ చేతి రేకు

ల్యాబులో మైనం కరిగే వాసన మధ్య, గోరువెచ్చని నీటి మీద తేలే, పలచగా కోసిన మెదడు పొరను చిరగకుండా గాజు పలక మీదికి ఎత్తుతుంటే, ఉన్నట్టుండి నాకు నెయ్యి, బెల్లం వాసన కొడుతుంది. ఆ వెంటనే ఆత్రేయపురం పక్కన మా ఊరి ఇల్లు, వసారాలో పొయ్యి ముందు మా పెద్దమ్మ కనిపిస్తుంది.

కాలవలు కట్టేసిన ఎండాకాలం, ఇల్లంతా మాగేసిన మావిడిపళ్ల వాసన, పొయ్యిలో ఎండు కొబ్బరాకుల చిటపట. పిండినీళ్లలో ముంచిన పలచని గుడ్డను బోర్లించిన కుండ వీపు మీద పెద్దమ్మ ఒక్క లాగు లాగేది. గుడ్డ వెనకాలే రేకు పుట్టేది. దాన్ని వెలుతురుకు పట్టి, అవతలి మనిషి మొహం కనిపిస్తేనే బుట్టలో పెట్టేది. చిరిగినవి పిల్లల పాలు. ఆవిడ చేతిలో అవి చిరగడమే అరుదు కాబట్టి మేం చుట్టూ చేరి కొంగజపం చేసేవాళ్లం.

తొంభైల చివర్లో మా అక్క పెళ్లి కుదిరింది. పూతరేకులన్నీ తన చేత్తోనే చేస్తానని పెద్దమ్మ మగపెళ్లివారికి మాటిచ్చింది. తీరా పొయ్యి వెలిగించాక రేకులు మందంగా, వంకరగా వచ్చి, తీస్తుంటే చిరిగిపోవడం మొదలైంది. మాకు పండగే. పెద్దవాళ్లు కుండను అనుమానించి కొత్తది తెచ్చారు, బియ్యం మార్చారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. పెద్దమ్మ మాత్రం కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అదెవరిదో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

"కుండకేం రోగం లేదే. చెయ్యే నా మాట వినట్లేదు," అంది మా అమ్మతో, మెల్లగా. "నువ్వు కూర్చో. నేను చెబుతాను, నువ్వు లాగు."

పెళ్లిలో వియ్యపురాలు, "రేకులు భలే ఉన్నాయండి వదినగారూ, మీ చెయ్యి చెయ్యేనండి," అని మెచ్చుకుంది. పెద్దమ్మ నవ్వింది. "నా చెయ్యి కాదండి, మా చెల్లెలిదండి." ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఆ పొయ్యి ముందు కూర్చోలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొచ్చేది ఆ నవ్వుకే. కాకినాడ డాక్టరుగారు పార్కిన్సన్స్ అని పేరు చెప్పడానికి ఇంకా రెండేళ్లు పట్టింది.

ఆ జబ్బుతో పోయినవాళ్ల మెదడు పొరల్లో, ఒంటి కదలికలను నడిపే నల్లకణాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం ఇప్పుడు నా ఉద్యోగం. మామూలు మెదడులో కంటికే ఆనే నల్లటి చార వీళ్లలో వెలిసిపోయి ఉంటుంది. చెయ్యి మొరాయించే నాటికే చాలా కణాలు పోయి ఉంటాయి. పెద్దమ్మ లేదు, ఆ వసారా లేదు, మా ఇంటికి పూతరేకులు దుకాణం నుంచి అట్టపెట్టెలో వస్తున్నాయి. కణాలను ఇలా ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మనిషి పోయాకే కుదురుతుంది. పెద్దమ్మ బతికుండగా మాకు దొరికిన కొలత ఒక్కటే, మందంగా వచ్చిన ఆ రేకు. దాన్ని మేం లొట్టలేసుకుంటూ తినేశాం.